సీసం ఆగిన చోట

ట్రెజరీ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కరీంనగర్, నల్లగొండ, గుంటూరు: ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి పోయి పగలంతా ప్రభుత్వం డబ్బు లెక్కపెట్టాను. సాయంత్రాలు శాతవాహనుల డబ్బు లెక్కపెట్టాను. రెండో లెక్కకు జీతమూ లేదు, రిటైర్‌మెంటూ లేదు గనుక అది ఇప్పటికీ సాగుతోంది. నాణేలు కూడబెట్టే ఈ వ్యసనంలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఏం కొనాలి, ఎవరి దగ్గర కొనాలి, నకిలీని ఎలా పట్టాలి అని అడుగుతారు. సేకరణ ఎక్కడ ముగించాలి అని అడిగినవాళ్లు అరుదు. నన్నడిగితే మొట్టమొదట తేల్చుకోవలసింది అదే. వాళ్ల కోసం నాలుగు సంగతులు రాసి పెడుతున్నాను. వరస నాకు తోచినట్టుగా ఉంటుంది.

1. అన్నీ కావాలంటే కుదరదు

తెలుగు నేల మీద చెల్లిన డబ్బంతా పోగు చేస్తానంటాడు ఒక్కో కుర్రవాడు. ఆ చిట్టా ఒకసారి చదివి చూడండి. రాజు పేరే లేకుండా గుర్తులు గుద్దిన విద్ధాంక నాణేలు, శాతవాహనుల సీసం, ఇక్ష్వాకుల సీసం, విష్ణుకుండినుల సింహం, తూర్పు చాళుక్యుల వరాహం, కాకతీయుల గద్యాణం, విజయనగర వరహా, గోల్కొండ రాగి, మచిలీపట్నంలో కంపెనీలవాళ్లు కొట్టించిన దుడ్లు, చివరికి నిజాం హాలీ సిక్కా. రెండు వేల ఏళ్లకు పైబడిన డబ్బు. నా పింఛనుతో అయ్యే పని కాదు. కోటీశ్వరుడికి కూడా అయ్యేది ఆల్బమ్ మాత్రమే: రాజుకొకటి, పేజీకొకటి. అందులో ఏ రెండు నాణేలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

2. రాజుల జాబితా చూసి గీత గీయవద్దు

అందరూ చేసేది ఇదే. వంశం పేరు రాసుకుంటారు, చివరి రాజు పేరు పుస్తకంలో చూస్తారు, అక్కడ గీత పెడతారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది. నాణేలు మాత్రం ఆ గీతను ఖాతరు చేయవు.

రోమన్ నాణేలు కూడబెట్టేవాళ్లకు ఈ తగాదా చాలా పాతది. పశ్చిమ రోమ్ 476లో పడిపోయిందని బడిలో చదువుకున్నాం. ఆ ఏడు రోములస్ అగస్టులస్ అనే కుర్ర చక్రవర్తిని ఒడొవాకర్ అనే సేనాని దింపేశాడు. సేకరణ అక్కడ ఆపుదామంటే, ఆ ఒడొవాకరే తూర్పు చక్రవర్తి జీనో పేరు మీద ఇటలీలో నాణేలు కొట్టించాడు. అదే పేరు, అదే బంగారం. టంకశాలలో పనివాడికి సామ్రాజ్యం పడిపోయిన సంగతి తెలిసిందో లేదో! రోమన్ నాణేలన్నిటికీ ఆధారంగా అందరూ చూసే పెద్ద గ్రంథమాలలో పదో సంపుటం 491 దాకా నడుస్తుంది, అంటే జీనో చనిపోయేదాకా. ఇంకొందరు 498 అంటారు. ఆ ఏడు అనస్తాసియస్ చక్రవర్తి చిల్లర డబ్బును సంస్కరించి, నలభై చిన్న నాణేల విలువగల పెద్ద రాగి నాణెం ప్రవేశపెట్టాడు. దాని వెనుక పెద్దగా ఎం అక్షరం ఉంటుంది, గ్రీకు లెక్కలో అది నలభై. ఆ నాణెం చేతిలో పెట్టుకున్నవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు, కాలం మారిందని. 476 చరిత్రకారుడి గీత, 491 గ్రంథకర్త గీత, 498 నాణేల గీత. మూడింటిలో మూడోదాన్నే నేను నమ్ముతాను.

మన దగ్గరా అంతే. శాతవాహన వంశం ఎక్కడ ముగిసింది? మత్స్య పురాణం ముప్పై మంది రాజుల్ని చెబుతుంది. వాయు పురాణం జాబితా అంతకంటే పొట్టిది. శాసనాల వైపు తిరిగితే చివర్లో పులుమావి అనే రాజు ఒకప్పటి బళ్లారి జిల్లా మ్యాకదోని శాసనంలో కనిపిస్తాడు. అక్కడితో సరి అనుకునే లోపల విదర్భ అడ్డుపడుతుంది. 1939లో అకోలా జిల్లా తర్హాలాలో పోటిన్ నాణేల నిధి బయటపడింది. పోటిన్ అంటే రాగిలో తగరం, సీసం కలిపిన మిశ్రమ లోహం. ఆ నిధిలో కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి ఉన్నారు. పురాణాలు వాళ్ల ఊసే ఎత్తవు. జాబితాలో లేని రాజులకు డబ్బుంది, జాబితాలో ఉన్న చాలామందికి ఒక్క నాణెం కూడా చూపించలేం. ఇలాంటి జాబితాను పట్టుకుని గూళ్లు చేయించుకుంటే సగం గూళ్లు జీవితాంతం ఖాళీగా ఉంటాయి, సగం నాణేలు గూడు లేక బయట ఉంటాయి.

1908లో రాప్సన్ బ్రిటిష్ మ్యూజియం కోసం ఆంధ్ర రాజుల నాణేల పట్టిక అచ్చు వేశాడు. ఈ రంగంలో పునాది రాయి అది. ఆ పుస్తకానికి నేను చేతులు జోడిస్తాను. కానీ ఆయన అధ్యాయాలు నా పెట్టెకు గూళ్లు కావలసిన పని లేదు.

3. చేతిలో ఏం మారిందో చూడు

నా గీత సీసం గీసింది.

శాతవాహనుల నాణెం చేతిలో పెట్టుకున్న ప్రతివాడూ మొదట అనేది ఒకటే మాట, ఇంత బరువేమిటని. చల్లగా, బరువుగా, మెత్తగా ఉంటుంది సీసం. లోకంలో చాలా రాజ్యాలు సీసంతో అప్పుడో ఇప్పుడో నాణేలు వేశాయి గానీ, ఇంత పెద్ద దేశం ఇన్ని తరాలు చిల్లర డబ్బును సీసంతో నడపడం అరుదు. బొమ్మ వైపు ఏనుగో, సింహమో, గుర్రమో. బొరుసు వైపు ఉజ్జయిని గుర్తు: అడ్డగీత, నిలువుగీత, నాలుగు కొసల్లో నాలుగు వలయాలు. చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరు, అందులో సగం సాధారణంగా నాణెం బయటికి పోయి ఉంటుంది. కోరమాండల్ తీరంలో దొరికే వాటిలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కూడా ఉంటుంది. వెండి నాణేలు లేకపోలేదు. రాజు ముఖం, దాదాపు రెండు గ్రాముల తూకం, ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు ద్రావిడ భాష. పశ్చిమ క్షత్రపుల వెండిని చూసి వేసినవి అవి. పేరు వాటికే వచ్చింది. సంతలో కూరగాయలు కొన్నది మాత్రం సీసమూ, పోటినూ.

ఈ సీసం ఎక్కడిది? ప్లీనీ అనే రోమన్ రచయిత, భారతదేశానికి సొంత సీసం లేదు, ముత్యాలూ రత్నాలూ ఇచ్చి తెచ్చుకుంటారు అని రాశాడు. ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకం కూడా భరుకచ్ఛం, ముజిరిస్ రేవుల్లో దిగే సరుకుల్లో సీసాన్ని చెబుతుంది. పల్నాటి అగ్నిగుండాలలో సీసపు ఖనిజం ఉన్న సంగతి ప్లీనీకి తెలియదు, పాపం. ఏదైతేనేం, మన రేవుల్లో ఆ లోహం దిగేది, మన టంకశాలల్లో అది డబ్బయ్యేది.

శాతవాహనులు పోయారు. కృష్ణ ఒడ్డున విజయపురిలో ఇక్ష్వాకులు వచ్చారు: శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. సుమారు నూరేళ్లు. వంశం మారింది, బౌద్ధానికి అంతఃపుర స్త్రీలు ఇచ్చిన దానాలతో నాగార్జునకొండ నిండిపోయింది. వాళ్ల డబ్బు చూడండి. సీసమే. ఏనుగే. ఉజ్జయిని గుర్తే. బిళ్ల చిన్నదైంది, అచ్చు అంత బాగుండదు. సంతలో కూర్చున్న ముసలమ్మ చేతిలో పాతదీ కొత్తదీ కలిపి పోస్తే రాజు మారాడని ఆమె అనుకునేదని నాకు తోచదు. అందుకే నా గీత శాతవాహనుల దగ్గర పడలేదు. అక్కడ గీస్తే ఒకే డబ్బును మధ్యకు నరికినట్టవుతుంది.

ఇక్ష్వాకుల తరవాత సంగతి వేరు. విష్ణుకుండినుల నాణెం తీసుకోండి. లోపల ఇనుము, పైన రాగి పూత ఉన్నవి చాలా దొరికాయి. బొమ్మ వైపు సింహం. బొరుసు వైపు కలశం, ఇరుపక్కల దీపస్తంభాలు, చుట్టూ కిరణాలు. ఉజ్జయిని గుర్తు పోయింది, ఏనుగు పోయింది, సీసం పోయింది, రాజు పేరు పోయింది. చెయ్యి మారింది. ఇంకెవరో, ఇంకేదో అవసరానికి వేసిన డబ్బు అది.

ఎందుకు పోయింది సీసం? రేవుల వ్యాపారం తగ్గిందంటారు కొందరు. అగ్రహారాలు, భూదానాలు పెరిగి చిల్లరతో పని తగ్గిందంటారు ఇంకొందరు. పట్నాలు పల్చబడ్డాయంటారు మరికొందరు. ఒక్క కారణాన్ని మెడకు కట్టి కూర్చోవడం నాకిష్టం లేదు. మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయని నా నమ్మకం. నా పెట్టెకు అది చాలు. సీసంతో కొన్న సరుకులున్న కాలం ఒకటుంది, అది మొదలైంది, పెరిగింది, చిన్నదైంది, ఆగింది. నేను సేకరించేది ఆ కాలాన్ని.

4. మొదలు కూడా అంతే

చివర తేలితే మొదలు తేలడం కష్టం కాదు. రాజు తన పేరు తాను వేసుకున్న నాణెం నాకు మొదలు. గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ శాతవాహనులకు ముందటి రాజుల నాణేలు దొరికాయి: గోభద, నారన, కంవాయ, సమగోప. వాళ్ల పక్కనే శాతవాహన రాజు సిముకుడిదీ దొరికింది. ఒక్క దిబ్బ మీద ముందువాళ్లూ వెనకవాళ్లూ దొరికాక ఇంకెక్కడ మొదలుపెట్టమంటారు? విద్ధాంక నాణేలు బయట ఉన్నాయి. అమరావతిలో దొరికిన పెద్ద వెండి నిధి గురించి పరమేశ్వరీలాల్ గుప్తా ఒక పుస్తకమే రాశారు, చదవండి. కొనవద్దు. అంటే, నా సేకరణే మీదీ అయితే కొనవద్దు.

5. నేల మీద గీత ఇంకా కష్టం

కాలం గీత గీసినంత తేలిగ్గా నేల గీత గీయలేం. శాతవాహనులు నాసిక్‌నూ ఏలారు, ధాన్యకటకాన్నీ ఏలారు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు 13,000కు పైగా దొరికాయి. అందులో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తు కొట్టించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు. మన చరిత్రలో ఇంత ఘాటైన నాణెం మరొకటి లేదు. ఒకసారి హైదరాబాద్ నాణేల ప్రదర్శనలో ఒక సేటు అలాంటిది నా ముందు పెట్టి, “పంతులుగారూ, ఇది లేకుండా మీ పెట్టె పెట్టేనా?” అన్నాడు. కొనలేదు. వెండి, నాసిక్, క్షత్రపుల అచ్చు. నాది కృష్ణా గోదావరుల సీసం. ఆ నాణెం గొప్పదే, నా ప్రశ్నకు జవాబు కాదు. సేటు ముఖం చిన్నబుచ్చుకున్నాడు, తరవాత టీ తెప్పించాడు.

ఇటు పక్క గుంటూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో సద రాజులు అనేవాళ్లు ఉన్నారు. గుంటుపల్లి శాసనంలో శ్రీసద పేరుంది. వడ్డమాను తవ్వకాల్లో వాళ్ల నాణేలు బయటపడ్డాయి. సింహం బొమ్మ, సీసం. శాతవాహనులు కారు, కానీ లోహమూ అదే, నేలా అదే. లోపలికి వచ్చేశారు. వీరాపురం తవ్వకాల్లో దొరికిన మహాతలవరులు, మహారథులు అనే సామంతుల నాణేలు కూడా లోపలే. మహారాజులే డబ్బు వేయాలని రూలేమీ లేదని వాటివల్ల తెలుస్తుంది.

రాష్ట్రం విడిపోయాక ఒక మిత్రుడు తెలంగాణ నాణేలు వేరు, ఆంధ్ర నాణేలు వేరు పెట్టెల్లో సర్దాడు. శాతవాహనులు మావాళ్లంటే మావాళ్లని రెండు వైపులా వాదనలు విన్నాను. కోటిలింగాలలో మొదలై చేబ్రోలులో ఖర్చయిన సీసపు బిళ్లను 2014లో గీసిన సరిహద్దు మీద నిలబెట్టి ఏ వైపు పడుతుందో చూడడం నాకు చేతకాదు.

6. పొలిమేర అవతల ఒకటో రెండో ఉంచుకో

నియమం పెట్టుకున్నాక దాన్ని ఒక్కచోట సడలించాను, తెలిసే సడలించాను. చివరి గూటిలో ఒక విష్ణుకుండిన సింహం, దాని పక్కన తూర్పు చాళుక్యుల విషమసిద్ధి నాణెం ఉన్నాయి. రెండూ సేకరణలో భాగం కాదు. చూడడానికి వచ్చినవాళ్లు సీసం ఎందుకు ఆగిందని అడిగితే మాటలతో కాక వాటితో జవాబు చెబుతాను. పొలిమేర అవతల ఒకటీ రెండే. మూడోది కొంటే అప్పుడు విష్ణుకుండినుల సేకరణ మొదలైనట్టే లెక్క.

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేల పెద్ద నిధి దొరికింది. ఆ నాణేలను ఆ కాలం మనవాళ్లు చూశారు కదా, మరి అవి లోపలా బయటా అని అడుగుతారు. మంచి ప్రశ్నే. చెల్లుబాటు డబ్బుగా కాక వెండిగా దాచుకున్నట్టుంది వాటిని. బయటే ఉంచాను.

7. చట్టం గీసిన గీత అన్నిటికంటే ముందుంది

ఇది కుర్రవాళ్లకు నచ్చదు. కొంచెం వివరంగా చెబుతాను.

పాత ఊరి దిబ్బను మన పల్లెల్లో పాటి అంటారు. ఆ మన్నులో సత్తువ ఉంటుందని రైతులు బండ్లమీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద తోలి పొలాల్లో చల్లుతారు. వాన పడ్డాక చాళ్లలో పెంకులు, పూసలు, నాణేలు తేలుతాయి. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట, కొండాపూర్, చేబ్రోలు: పేరున్న ఊళ్లన్నిటిలోనూ ఇదే కథ. కరీంనగర్‌లో ఉన్న రోజుల్లో ఒకాయన చిన్న గుడ్డమూట తెచ్చి గడప మీద విప్పాడు. సీసం, మట్టి ఇంకా తడిగా ఉంది.

“సారూ, పాటిమట్టి తోల్తుంటే దొర్కినయి. ఏమన్న ఇస్తరా?”

“నేను కొనకూడదు. తహసీల్దారు ఆఫీసులో రాసివ్వు. కలెక్టరు గారికి పంపుతారు.”

“ఆడ చెప్తే మల్ల నా పొలం దున్ననిస్తరా సారూ?”

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు, చట్టం దగ్గరా లేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికినది పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. పది రూపాయలన్నది ఆ కాలపు పది రూపాయలు. ఇవాళ చెరిగిపోయిన సీసపు బిళ్ల కూడా దాన్ని దాటుతుంది. రైతు భయపడడంలో తప్పు లేదు. అయినా నేను కొనలేదు, మీరూ కొనవద్దు. చట్టం ఒక్కటే కారణం కాదు. మూటగా వచ్చిన నాణేనికి ఊరు ఉండదు. ఏ పొరలో, ఏ కుండలో, ఎవరి నాణెం పక్కన ఉన్నదో ఎవరికీ తెలియదు. సిముకుడు ముందా, శాతవాహన అన్న పేరున్న రాజు ముందా అని పండితులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. అలాంటి వాదన తేల్చేది పొర. మూటలో పొర ఉండదు. మనం పైసలిస్తే రేపు అతను మట్టి కోసం కాక నాణెం కోసం తవ్వుతాడు.

మరి సీసం ఎక్కడ కొంటాను? లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర. అదీ పాత సేకరణల్లోంచి వచ్చినవి. పాత సేకర్తలు కాగితం పొట్లాల మీద పెన్సిలుతో ఊరి పేరు రాసేవాళ్లు. ఆ పొట్లం ఉన్న చెరిగిన నాణేనికి, పొట్లం లేని మంచి నాణెం కంటే ఎక్కువ ఇస్తాను. వ్యాపారులకు ఈ బేరం ఇప్పటికీ అర్థం కాదు. నాణెం ఇచ్చి పొట్లం పారేస్తుంటారు.

8. పెట్టె చెప్పిన మాట వినాలి

సీసపు నాణెం ఊరగాయ లాంటిది, తగలకూడనిది తగిలితే చెడుతుంది. టేకు, ఓక్ లాంటి కొయ్య అరల్లో పెడితే ఆ కొయ్య వదిలే ఆమ్లపు ఆవిరికే తెల్లటి పొడి పట్టి నెమ్మదిగా కరిగిపోతుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో బతికింది మన బీరువాలో పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లూ పనికిరావు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, ఆమ్లం లేని కాగితం, పొడి గది, అప్పుడప్పుడు భూతద్దం పెట్టి చూడడం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం, ఇంట్లో పసిపిల్లలుంటే మరీను. ఇవన్నీ ఒక్కో నాణేనికీ చేయాలి. ఎన్నిటికి చేయగలమో అదే సేకరణ పరిమాణం. చేయలేనన్నిటిని ఉంచుకోవడం సేకరణ కాదు, పాత సామాను.

9. ఖాళీ గూడు ఖాళీగానే ఉండనీ

చివర తేల్చుకున్నవాడికి వచ్చే జబ్బు ఒకటుంది. ఇంకొక్కటి దొరికితే వరస పూర్తవుతుంది అన్న యావ. నకిలీలు చేసేవాడు ఈ యావ మీదే బతుకుతాడు. శాతవాహన వెండి ముఖం నాణేలకు నకిలీలు ఎక్కువ. అసలు దొరకనివాటికే దొంగ అచ్చులు పుడతాయి. నకిలీని అచ్చు తేడాతో, అంచుతో, తూకంతో పట్టవచ్చు, నేర్చుకోండి. కానీ మీకు ఆ నాణెం ఎంత అవసరమో వ్యాపారికి తెలిసిపోయిన రోజున ఆ విద్యలేవీ అక్కరకు రావు. నా దగ్గర రుద్రపురుషదత్తుడి గూడు ఖాళీగా ఉంది. దాని మీద చీటీ ఉంది, నాణెం లేదు. వచ్చినవాళ్లు అయ్యో అంటారు. అనుకోనివ్వండి.

10. ఇంకో చివర ఉంది

ఇంతసేపు కాలానికీ నేలకూ చివర ఎక్కడో చెప్పాను. మనిషికీ ఒక చివర ఉంటుంది కదా. నాణేలవాళ్లు దాని గురించి మాట్లాడరు.

ఈస్టిండియా కంపెనీ దొర కల్నల్ మెకంజీని చూడండి. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయన వెంట తిరిగి శాసనాలు, కైఫియతులు, నాణేలు పోగుచేశారు. 1821లో మెకంజీ పోయాడు. నాణేలే ఆరు వేలకు పైగా ఉన్నాయి. దేనికీ చివర చెప్పి పోలేదు. భార్య ఆ సంపదనంతా కంపెనీకి లక్ష రూపాయలకు అమ్మింది. పట్టిక అచ్చయింది 1828లో, విల్సన్ అనే పండితుడి చేతి మీదుగా. వాటిని పోగుచేసిన మనిషికి తెలిసిన సంగతుల్లో చాలా భాగం అప్పటికే ఆయనతో పోయింది. సర్ వాల్టర్ ఇలియట్ ఇంకో రకం. 1845లో అమరావతి దిబ్బ తవ్వించిన దొర ఆయనే. ముసలితనంలో చూపు పోయింది. చూపు పోయాకే దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేశాడు, 1887లో పోయాడు. నాణేన్ని కంటితో చూడలేని మనిషి రాసిన పుస్తకాన్ని చూపున్న మనం ఇప్పటికీ తిరగేస్తున్నాం. ఆయనకు తెలిసిన సంగతులు పుస్తకంలో మిగిలాయి.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. “నాన్నా, పోయేటప్పుడు సూట్‌కేసు అడుగున వేసుకుపోతే ఎవరు చూస్తారు?” అన్నాడు, నవ్వులాటకే అనుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. అమెరికాలో పిల్లలున్న తెలుగు సేకర్తలు నాకు చాలామంది తెలుసు. ఇల్లూ పొలం సంగతి అందరూ ముందే మాట్లాడుకుంటారు. నాణేల పెట్టె సంగతి ఆసుపత్రిలో మాట్లాడుకుంటారు. వారసుడు రెండు వారాల సెలవు మీద వచ్చి, మొదట కనపడిన వ్యాపారికి తూకానికి అమ్మేసి వెళ్తాడు. పొట్లాలు చెత్తబుట్టలో పోతాయి.

మ్యూజియానికి ఇద్దామంటే అదీ చూసి ఇవ్వాలి. ఒక పెద్దాయన తన జీవితకాలపు సేకరణ ఒక సంస్థకు రాసిచ్చాడు. జాబితా లేదు. అన్నీ ఒకే సంచిలో పోసి, మొత్తం ఇన్ని అని రిజిస్టరులో ఎక్కించి తాళం వేశారు. వాళ్లని అనలేం. ఎవరిది, ఏ ఊరిది అని చెప్పేవాడు లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం రాస్తారు?

కాబట్టి నేను చేసింది చెబుతాను. హద్దు బయట పడ్డవాటిని, జంటలుగా ఉన్నవాటిని బతికుండగానే అమ్మేశాను. ఆ డబ్బుతో ఒక మంచి తక్కెడ, కెమెరా కొన్నాను. మిగిలిన ప్రతి నాణేనికీ రెండు వైపులా ఫోటో, తూకం, అడ్డకొలత, లోహం, పొట్లం మీద ఉన్న ఊరు, ఎవరి సేకరణలోంచి వచ్చింది, ఎంతకు కొన్నాను, రసీదు నంబరు. మా మనవరాలు కంప్యూటర్‌లో ఎక్కించింది. “తాతయ్యా, ఈ ఏనుగులన్నీ ఒకేలా ఉన్నాయి కదా” అంటూనే నాలుగో రోజుకు శాతవాహన రాజు యజ్ఞశ్రీ ఏనుగును ఇక్ష్వాకుల ఏనుగు నుంచి విడదీయడం నేర్చింది. జాబితా మొదటి పేజీలో సీసం ఎందుకు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్నది ఒక పేరాలో రాశాను. సేకరణను విడదీయకుండా ఒక్కచోటే ఉంచాలని, జాబితా లేకుండా ఎవరికీ ఇవ్వవద్దని వీలునామాలో ఒక వాక్యం చేర్పించాను. అది చూసి ప్లీడరుగారు, ఇంత సీసానికి ఇంత హంగామా ఎందుకండీ అన్నారు. జాబితా మూడు ప్రతులు తీయించాం. ఒకటి బ్యాంకు లాకర్‌లో, ఒకటి అల్లుడి దగ్గర, ఒకటి పెట్టెలోనే. కొత్త నాణెం కొంటే మూడింటిలోనూ ఎక్కించాలి. ఆ చాకిరీకి భయపడి ఈ మధ్య కొనడం బాగా తగ్గించాను.